కొల్లూరు రాయి, కార్న్‌వాల్ తోట

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు సంపాదకవర్గం మిత్రులు ఒక మాట ముందే చెప్పారు: "బడి జ్ఞాపకాలు ఇప్పటికే సంచికకు సరిపడా వచ్చాయి. నువ్వు చూసిన చోటు గురించి ఏదైనా రాయి." అందుకని ఇంగ్లండు పల్లెల్లోని పాత భవనాల గురించి, వాటి తోటల గురించి రాస్తున్నాను. వాటిలో ఒకదానికి మన కృష్ణ ఒడ్డు మట్టితో సంబంధం ఉంది కాబట్టి, ఈ సంచికలో ఇది మరీ పరాయి విషయం కాదనుకుంటాను.

మా అబ్బాయి రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు ఏప్రిల్, మే నెలల్లో నేనూ మా ఆవిడా ఆరు వారాలు వాడి దగ్గర ఉన్నాం. శని, ఆదివారాలొస్తే వాడు కారు తీసేవాడు. లండన్ రెండు రోజుల్లో తేల్చేసి, మిగతా సెలవులన్నీ ఈ భవనాలకే ఖర్చు పెట్టాం. వాళ్లు వీటిని కంట్రీ హౌస్ అంటారు. మన జమీందార్ల దివాణాల్లాంటివి అనుకోండి. మధ్యలో రాతి మేడ, చుట్టూ వందల వేల ఎకరాలు, కౌలుదార్ల ఇళ్లు, పక్కనే చర్చి. చలికాలం చాలావాటికి తాళాలు. వసంతంలో తెరుస్తారు. మనకు వసంతం ఉగాదితో వచ్చి, మామిడి పిందె కాయయ్యేలోపే ఎండలో కలిసిపోతుంది. వాళ్లది మూడు నెలల పండగ. ఫిబ్రవరిలో స్నోడ్రాప్స్, మార్చిలో డాఫొడిల్స్, ఆ తర్వాత మాగ్నోలియాలు, ఏప్రిల్ చివర అడవి నేలంతా నీలం చేసే బ్లూబెల్స్, మేలో రోడోడెండ్రాన్లు. ఏ వారం ఏ తోటలో ఏది పూస్తుందో తెలుసుకుని మరీ బయల్దేరతారు జనం. వాన పడుతుంటే గొడుగేసుకుని పూలు చూస్తారు తప్ప ఇంటికి పోరు.

మొదట చూసింది రెడింగ్‌కి దగ్గరలోని బాసిల్డన్ పార్క్. థేమ్స్ లోయను చూస్తూ గుట్ట మీద నిలబడిన లేత పసుపు రాతి మేడ. కట్టించినవాడు ఫ్రాన్సిస్ సైక్స్. క్లైవ్ రోజుల్లో బెంగాల్‌లో కాశింబజారు దగ్గర కంపెనీ ఉద్యోగం చేసి, విపరీతంగా సంపాదించి, 1771లో ఈ ఎస్టేటు కొన్నాడు. యార్క్‌కి చెందిన జాన్ కార్ అనే ఆర్కిటెక్టు 1776లో పని మొదలుపెట్టాడు. అలా మన దేశంలో సంపాదించి వెనక్కి వచ్చినవాళ్లను అక్కడివాళ్లు 'నేబాబ్' అని ఎగతాళి చేసేవారు. మన నవాబు మాటే, వాళ్ల నోట్లో పడి అలా అయింది. 1772లో ఆ పేరుతోనే లండన్‌లో నాటకం ఆడారు.

ఆ మేడ తర్వాతి కథ కూడా తెలుసుకోవాలి. ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దాల పాటు ఖాళీగా పడి ఉంది, సైనికులు వాడుకున్నారు, కొన్ని గదుల అలంకరణలు ఊడదీసి అమ్మితే న్యూయార్క్ హోటల్ గోడలెక్కాయి. 1950ల్లో ఒక దంపతులు కొని, బాగుచేసి, 1978లో నేషనల్ ట్రస్టుకి ఇచ్చేశారు. ఇలాంటి అదృష్టం అన్నిటికీ పట్టలేదు. 1894లో వచ్చిన వారసత్వపు పన్ను, రెండు యుద్ధాలు, దొరకని పనివాళ్లు, ఇవన్నీ కలిసి ఒక్క శతాబ్దంలో వెయ్యికి పైగా ఇలాంటి భవనాలను నేలమట్టం చేశాయి. 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు 1930ల చివర్లో కొత్త చట్టాలు చేయించుకుని, పన్నుకు బదులు భవనాలే తీసుకునే దారి తెరిచింది. ఈ రోజు మనం టికెట్టు కొని చూస్తున్నామంటే అందుకే.

బాసిల్డన్‌లో గదికొక వాలంటీరు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నాతో మాట్లాడిన ముగ్గురిలో ఇద్దరు రిటైరైన టీచర్లు. డబ్బు ఎక్కడిదని అడిగితే దాచకుండా చెప్పారు. 2020లో ట్రస్టు తన అధీనంలోని 93 చోట్లకు వలస పాలనతో, బానిస వ్యాపారంతో ఉన్న సంబంధాలను నివేదికగా అచ్చువేసింది. దాని మీద అక్కడ పెద్ద రగడ జరిగింది. పూలు చూడటానికి వచ్చినవాళ్లకు ఈ గొడవ ఎందుకని కొందరు, ఇప్పటికైనా చెప్పారని కొందరు. నాకైతే అందులో కోపం తెచ్చుకోవాల్సింది కనిపించలేదు. ఏ కట్టడానికైనా ఎస్టిమేటు ఉంటుంది, బిల్లు ఉంటుంది. బిల్లు ఎవరు కట్టారో చూడటం మా వృత్తిలో రోజూ చేసే పనే.

మా వృత్తి అన్నాను కాబట్టి తోటల సంగతి చెప్పాలి. విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్ చూసినప్పుడు మా ఆవిడ "దేవుడు దిద్దినట్టుంది" అంది. నేను కట్ట వెతుకుతున్నాను. ఎందుకంటే ఆ లోయలో అంత చెరువు తనంతట తాను ఏర్పడదు. చివరికి కనిపించింది. చెట్లు పెంచి దాచిన మట్టికట్ట. 1740ల నుంచి హెన్రీ హోర్ అనే బ్యాంకరు స్టౌర్ నది పుట్టే చోట అడ్డుకట్ట వేయించి, లోయను చెరువు చేసి, ఒడ్డున రోమన్ గుడుల నమూనాలు నిలబెట్టాడు. వాళ్ల బ్యాంకు 1672 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. 1720లో సౌత్ సీ కంపెనీ వాటాలు బుడగలా ఉబ్బినప్పుడు కొని, పగలకముందే అమ్మి లాభపడ్డ కొద్దిమందిలో ఆ బ్యాంకు ఒకటి. చెరువు చుట్టూ దారి ఎలా వేశారంటే, ఒక మలుపులో కనిపించిన గుడి తర్వాతి మలుపులో మాయమై, అవతలి ఒడ్డున మళ్లీ తేలుతుంది. ఇంత తెలివిగా వేసిన అలైన్‌మెంటు నేను కాలువ పనుల్లో ఎక్కడా చూడలేదు. ఆ ఇంటి చివరి దొరగారి ఒక్కగానొక్క కొడుకు మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో చనిపోయాడు. వారసుడు లేక 1946లో మొత్తం ట్రస్టుకి రాసిచ్చారు.

ఇక్కడే కాదు, ఇంగ్లండు పార్కుల్లో సహజంగా కనిపించేదాంట్లో చాలాభాగం తట్టా పారా పనే. ఇందులో ఆరితేరినవాడు లాన్సెలాట్ బ్రౌన్. ఏ భూమి చూసినా "ఇందులో శక్తి ఉంది" అనేవాడట, అందుకని 'కేపబిలిటీ' బ్రౌన్ అన్నారు. నూట డెబ్బైకి పైగా ఎస్టేట్లు అతని చేతి మీదుగా మారాయి. వాగుకి కట్ట వేసి, అడుగున బంకమట్టి తొక్కించి నీరు ఇంకకుండా చేసి, అది నది అన్నట్టుగా రెండు చివరలూ చెట్ల వెనక దాచేసేవాడు. 'హా-హా' అనే ఇంకో ఉపాయం ఉంది. పచ్చిక మధ్య కందకం తవ్వి, ఇంటివైపు నిటారుగా గోడ కడతారు. కిటికీలోంచి చూస్తే కంచె కనపడదు. దూరాన మేసే పశువులు వాకిట్లోనే ఉన్నట్టుంటాయి. కానీ తోటలోకి ఒక్కటీ రాలేదు. కంచె ఉండాలి, కనపడకూడదు. ఆ కాలపు దొరల మనసంతా ఈ ఒక్క కందకంలో ఉందనిపించింది.

పశువులతో సరిపెట్టని దొర కూడా ఉన్నాడు. స్టౌర్‌హెడ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మావాణ్ణి దారి మళ్లించి డార్సెట్‌లోని మిల్టన్ ఆబస్‌కి తీసుకెళ్లమన్నాను. పదిహేనో శతాబ్దం కంటే ముందు నుంచి ఒక క్రైస్తవ మఠం, దాన్ని ఆనుకుని సంత జరిగే ఊరు ఉండేవి. 1752లో ఆ ఎస్టేటు కొన్న జోసెఫ్ డామర్, తర్వాత లార్డ్ మిల్టన్ అయినవాడు, తన కిటికీలోంచి చూస్తే ఊరు అడ్డంగా ఉందనుకున్నాడు. కౌలు గడువు తీరిన ఇల్లు తీరినట్టే పడగొట్టిస్తూ పోయాడు. కదలనన్న ఒక లాయరు ఇంటి మీదికి చెరువు తూములెత్తించి నీళ్లు వదిలించాడని, కోర్టులో లాయరే గెలిచాడని అక్కడ చెబుతారు. 1780 నాటికి కనుచూపు మేర దాటిన లోయలో కొత్త ఊరు లేచింది. బ్రౌన్, ఆర్కిటెక్టు విలియం చేంబర్స్, ఇద్దరి చెయ్యీ ఉంది దాంట్లో. రోడ్డుకి రెండు వైపులా ఒకే నమూనా జంట ఇళ్లు, తెల్లగోడలు, గడ్డి కప్పు. ఇప్పుడు క్యాలెండర్ల మీద ఫొటోలు వేసుకునేంత అందం. మన సంచిక చదివేవాళ్లకు ఇంకో వివరం: ఆ ఊరి గ్రామర్ స్కూలు పిల్లల అల్లరి కూడా దొరగారికి పడలేదు. 1785లో పార్లమెంటులో చట్టం చేయించి బడిని బ్లాండ్‌ఫర్డ్‌కి పంపించేశాడు. 1954లో అదే దొరగారి భవనంలో ఒక రెసిడెన్షియల్ స్కూలు తెరిచారు.

నేను ఒకప్పుడు రిజర్వాయరు ముంపు గ్రామాల సర్వేలో కొన్నాళ్లు పనిచేసినవాణ్ణి. పునరావాస కాలనీ లేఅవుటు ఎక్కడ చూసినా గుర్తుపడతాను. ఆ వరస ఇళ్ల మధ్య నడుస్తుంటే, రెండున్నర శతాబ్దాల నాటి ఆర్ అండ్ ఆర్ కాలనీలో ఉన్నట్టే ఉంది. తేడా ఒకటే. మనం ఊళ్లు లేపింది పొలాలకు నీళ్ల కోసం, అతను లేపింది కిటికీలో బొమ్మ కోసం. లేచినవాళ్లకు ఆ తేడా ఎంత కనిపిస్తుందో చెప్పలేను.

ఇక అసలు చూడాలనుకున్న చోటు కార్న్‌వాల్‌లోని బొకానక్. దేశానికి నైరుతి మూల, చాలా దూరం. రెడింగ్‌లో రైలెక్కాం. కార్న్‌వాల్‌లోకి అడుగుపెట్టేది టేమార్ నది మీద బ్రూనెల్ కట్టిన వంతెన దాటాకే. 1859 నాటిది, ఒక్కోటి 455 అడుగుల రెండు ఇనుప స్పాన్లు. మన బెజవాడ ఆనకట్ట పూర్తయి అప్పటికి నాలుగేళ్లు. దాని మీద రైలు నెమ్మదించినప్పుడు నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. ఎందుకో మా ఆవిడకి అర్థమైంది, ఎదుటి సీటువాళ్లకి కాలేదు.

బొకానక్ లాస్ట్‌విథియెల్ అనే చిన్న ఊరికి దగ్గర్లో ఉంది. ఇప్పటికీ ప్రైవేటు ఎస్టేటే. తోట వసంతంలో కొన్ని ఆదివారాలు తెరుస్తారు. లైకెన్లు బూజులా పట్టిన ముసలి ఓక్ చెట్లు, చెరువు, ఇంటిపక్కనే చర్చి, గుట్ట మీద 1771లో నిలబెట్టిన రాతి స్తంభం. 1644లో అంతర్యుద్ధ కాలంలో మొదటి చార్లెస్ రాజు ఈ ఇంట్లో విడిది చేశాడు. మేము వెళ్లేసరికి కమీలియాలు రాలుతున్నాయి, రోడోడెండ్రాన్లు మొదలయ్యాయి. ఆ పూలు చూసి ఇంగ్లీషు అందం అనుకుంటాం గానీ, కార్న్‌వాల్ తోటల్లో కనిపించే ఆ చెట్లలో ఎన్నో హిమాలయాలవి. జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త 1848 నుంచి సిక్కింలో తిరిగి పంపిన విత్తనాలు ఈ వాన, ఈ చల్లటి పుల్ల నేల నచ్చి కొండంత పెరిగాయి. కాబట్టి పూలు కూడా మన దగ్గర నుంచి వచ్చినవే. అయితే నేను అంత దూరం వెళ్లింది పూల కోసం కాదు.

మన బడిలో సోషల్ మాస్టారు కోహినూర్ పాఠం చెప్పేటప్పుడు, "గోల్కొండ వజ్రం గోల్కొండలో దొరకదురా, మన జిల్లాలో దొరుకుతుంది" అనేవారు. అక్షరాలా నిజం. గోల్కొండ అంగడి మాత్రమే. గనులు కృష్ణ వెంట ఉండేవి, వాటిలో పెద్దది కొల్లూరు. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పదిహేడో శతాబ్దంలో వచ్చి చూసి రాశాడు. మన వాళ్లు "గని" అంటే అదే ఊరి పేరనుకుని రాసుకున్నాడు పాపం. గోల్కొండకు ఏడు రోజుల ప్రయాణం అన్నాడు. ఆడా మగా పిల్లా పెద్దా కలిపి అరవై వేలమంది పనిచేస్తున్నారన్నాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తారు. పది పన్నెండు అడుగులు తవ్వేసరికి నీరు పడుతుంది. ఆ నీళ్లతోనే గోడ కట్టిన మడిలో మట్టి కడిగి, ఎండబెట్టి, చేటలతో తూర్పారబట్టి, రోకళ్లతో దంచి, చేతులతో వెతుకుతారు. మన కళ్లంలో ధాన్యానికి చేసే పనే.

1698లో థామస్ పిట్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కంపెనీ ఉద్యోగులు సొంత వ్యాపారం చేసుకోవచ్చు, వజ్రాలు కొనడం అందులో భాగం. జమ్‌చంద్ అనే వజ్రాల వర్తకుడు సుమారు 410 క్యారెట్ల ముడి రాయి తెచ్చాడు. రెండు లక్షల వరహాలు అడిగాడు. బేరం సాగి సాగి 1702లో 48,000 వరహాలకు తెగింది. రాయి కొల్లూరుదని ఎక్కువమంది, పరిటాలదని కొందరు రాశారు. ఏదైనా కృష్ణ నేలదే. పెద్ద రాళ్లు పాలకుడికే చెందాలన్నది ఆ గనుల పాత నియమం. మరి ఇంత రాయి వర్తకుడి చేతికి ఎలా వచ్చింది? ఒక కూలీ పిక్క కోసుకుని గాయంలో దాచి తెచ్చాడని, ఓడ కెప్టెను ఆశ చూపి తీసుకుని అతన్ని సముద్రంలో పడేశాడని ఒక కథ పుట్టింది. కథే కావచ్చు. పిట్ మీద మాత్రం పుకార్లు ఎంతగా అంటుకున్నాయంటే, 1710లో ఇంటికి వెళ్తూ నార్వేలోని బెర్గెన్‌లో ఆగి, తాను న్యాయంగానే కొన్నానని దేవుడి సాక్షిగా కాగితం రాసుకున్నాడు.

రాయిని లండన్‌లో రెండేళ్లు సానబట్టారు. 140 క్యారెట్లు మిగిలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి ఓర్లియన్స్ ప్రభువు 1,35,000 పౌండ్లకు కొన్నాడు. అందుకే దానికి 'రీజెంట్' అని పేరు. ఆ ఏడాదే పిట్ 54,000 పౌండ్లు పెట్టి బొకానక్ ఎస్టేటు కొన్నాడు. రాయి ధరలో సరిగ్గా నలభై శాతం. ఇంకో లెక్క కూడా వేసి చూశాను. తావెర్నియే మరో గనిలో నైపుణ్యం ఉన్న పనివాడి సంపాదన ఏడాదికి మూడు వరహాలని రాశాడు. ఆ లెక్కన జమ్‌చంద్‌కి ఇచ్చిన 48,000 వరహాలు ఒక మనిషి పదహారు వేల ఏళ్ల కూలి. ఊరూ కాలమూ వేరు కాబట్టి ఇది ఉజ్జాయింపు మాత్రమే. అయినా అంకె కాగితం మీద వేసుకుని చాలాసేపు చూశాను.

డబ్బు భూమిగా, భూమి పలుకుబడిగా మారాయి. ఓటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్న ఓల్డ్ సారమ్ అనే పార్లమెంటు స్థానం అప్పటికే పిట్ కుటుంబం గుప్పిట్లో ఉంది. మనవడు విలియం పిట్ 1735లో అక్కణ్ణుంచే పార్లమెంటులో అడుగుపెట్టి, తర్వాత ప్రధానమంత్రి అయ్యాడు. అతని కొడుకు, అదే పేరువాడు, 1783లో ఇరవై నాలుగేళ్లకే ప్రధాని. మనం ఎనిమిదో తరగతిలో బట్టీ పట్టిన 'పిట్ ఇండియా చట్టం, 1784' ఇతనిదే. ఇతను ప్రధానిగా ఉండగానే 1788లో గుంటూరు సర్కారు నిజాం చేతి నుంచి కంపెనీకి వచ్చింది. ముత్తాత వజ్రం కొన్నాడు, మునిమనవడి హయాంలో ఆ జిల్లాయే వచ్చేసింది. పరీక్షల్లో ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలుగా వచ్చేవి.

బొకానక్ మేడ కూడా గత శతాబ్దంలో పాడుబడింది. యుద్ధకాలంలో అమెరికా సైనికులున్నారు, 1971లో ఒక పక్క కూల్చేశారు, చాలా ఏళ్లు ఎవరూ కాపురం లేరు. యజమానులు పట్టుబట్టి బాగుచేయిస్తే 2012లో పునరుద్ధరణ పురస్కారం వచ్చింది. సున్నం పని దగ్గరగా చూశాను. ఒంక పెట్టడానికి లేదు.

టికెట్ల బల్ల దగ్గర డెబ్బై దాటిన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగితే, ఈ ఇల్లు కొన్న వజ్రం దొరికిన జిల్లా నుంచి అన్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, తోట మ్యాపు వెనక్కి తిప్పి, పెన్ను నా చేతికిచ్చింది. కృష్ణ గీత గీసి, ప్రకాశం బ్యారేజీ, దానికి ఎగువన పులిచింతల, పక్కన కొల్లూరు గుర్తు పెట్టాను. గని చూడటానికి రావచ్చా అంది. లేదమ్మా, 2013 నుంచి అక్కడ 45 టీఎంసీల రిజర్వాయరు ఉంది, కొల్లూరు దాని కింద మునిగింది, దిగువన డెల్టా వరి ఆ నీళ్లతో పండుతుంది అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆ గీతనే చూసి, గని మీద నీళ్లు ఎంత లోతు అని అడిగింది. అది నెలను బట్టి ఉంటుందని చెప్పాను.